ఇతర కారణాలు

ఆ ఆఫీసులో ఆయన్ని అందరూ స్పీడు సారు అనేవారు. ఆయన నడకలో గాని, మాటలో గాని, ఫైలు కదపడంలో గాని స్పీడు ఉందని కాదు. ఒక్క సంతకం పెట్టడానికి మూడుసార్లు కళ్లజోడు తుడుచుకునే మనిషి. నగరంలో సైకిళ్లు ఏ దారిలో ఎంత వేగంతో పోతాయో కొలిచి రిపోర్టు రాసినందుకు ఆ పేరు వచ్చింది. పెట్టినవాళ్లు వెక్కిరింపుగానే పెట్టారు. ఆయన మాత్రం దాన్ని బిరుదులా నెత్తిన పెట్టుకుని, ఫోనెత్తగానే "స్పీడు సారునండీ" అనడం మొదలుపెట్టాక వెక్కిరించినవాళ్లకే సరదా పోయింది.

కొలవడం పెద్ద విద్యేమీ కాదు. రోడ్డుకు అడ్డంగా రెండు రబ్బరు గొట్టాలు, పక్కన స్తంభానికి ఒక ఇనప పెట్టె. సైకిలు మొదటి గొట్టం ఎక్కి రెండోది ఎక్కేలోగా ఎంతసేపు పట్టిందో పెట్టె రాసుకుంటుంది. పొద్దున పనులకు వెళ్లేవాళ్లూ సాయంత్రం తిరిగొచ్చేవాళ్లూ ఎక్కువగా వాడే ఆరు దారుల్లో నెల రోజుల పాటు అలా కొలిపించాడు. ఐదు దారుల్లో గంటకు పన్నెండు, పదమూడు, మహా అయితే పద్నాలుగు కిలోమీటర్లు వచ్చింది. ఆరో దారిలో ఇరవై రెండు వచ్చింది.

ఆ ఆరోది రెండు గోడల దారి. ఒక పక్క రైల్వే యార్డు గోడ, ఇంకో పక్క గోదాముల గోడ, మధ్యలో ఎనిమిది వందల మీటర్లు తిన్నగా పోయే సన్నటి రోడ్డు. దాని ఒక చివర బస్సుల డిపో, రెండో చివర ఒక చేతిపంపు. మధ్యలో సందు లేదు, సిగ్నలు లేదు, మలుపు లేదు. మిగతా దారుల్లో నిమ్మకు నీరెత్తినట్టు పోయే ముసలివాళ్లు, ఆడవాళ్లు, వెనక సామాను కట్టుకున్నవాళ్లు కూడా ఇక్కడికొచ్చేసరికి రెక్కలు మొలిచినట్టు దూసుకుపోతున్నారు.

ఎందుకు? కార్పొరేషన్ ఆయన్ని అడిగింది ఆ ఒక్క ప్రశ్నే. జవాబు కళ్లారా చూసి రాయాలని సారు ఒక రోజు పొద్దున్నే ఆఫీసు జీపులో బయల్దేరాడు. రెండు గోడల దారిలో ముందు ఆరేడు సైకిళ్లు ఉన్నాయి. డ్రైవరు వాటి వెనక నెమ్మదిగా పోనిస్తున్నాడు.

"హారన్ కొట్టవయ్యా. సాయంత్రం దాకా ఇక్కడే ఉంటామా?" అన్నాడు సారు.

డ్రైవరు కొట్టాడు. సైకిళ్లు జోరందుకున్నాయి.

"ఇంకోసారి కొట్టు. చూశావా ఎలా పోతున్నారో! దారి బాగుంటే కాళ్లు వాటంతటవే ఆడతాయి."

డ్రైవరు గేరు మార్చాడు. పెద్దవాళ్ల జీపు నడిపేవాళ్లకు ఏది అనకూడదో బాగా తెలుస్తుంది. దారి చివర చేతిపంపు దగ్గర సైకిళ్లవాళ్లందరూ ఆగి, హ్యాండిళ్ల మీదకు వాలి నిలబడి ఉండటం సారు చూశాడు. వెంటనే పుస్తకంలో రాసుకున్నాడు: "దారి చివర సైకిలుదారులు ఆగి కబుర్లు చెప్పుకుంటున్నారు. ఈ దారిపై వారికి గల మమకారానికి ఇది నిదర్శనం." ఆ వాక్యం ఆయనకు ఎంత నచ్చిందంటే రిపోర్టులో రెండు చోట్ల వాడాడు.

ఇక కాగితాల సంగతి. చేతిపంపు దగ్గర ఆగినవాళ్లకు ఒక ఫారం పంచారు. "ఈ దారిలో మీరు వేగంగా ఎందుకు వెళ్తారు?" అని ప్రశ్న. కింద నాలుగు గళ్లు. రోడ్డు నున్నగా ఉంది. సిగ్నళ్లు లేవు. పనికి టైమవుతోంది. ఇతర కారణాలు. నాలుగో గడి పక్కన రాసుకోవడానికి ఒకే ఒక్క గీత ఇచ్చారు. మూడు వందల పది ఫారాలు తిరిగొస్తే అందులో రెండు వందల ఆరు మంది నాలుగో గడిలోనే టిక్కు పెట్టారు. ఆ విషయం లెక్కపెట్టిన టైపిస్టమ్మ, రిటైర్మెంటుకు ఏడాది దూరంలో ఉన్న మనిషి, కాగితాల కట్ట పట్టుకుని వచ్చి ఆయన బల్ల ముందు నిలబడింది.

"సార్, ఇతర కారణాలే ఎక్కువున్నాయి. గీత సరిపోక వెనక పక్క కూడా రాశారు."

"ఇతర కారణాలంటే ఏముంటాయమ్మా? పనికి టైమైపోతూ ఉంటుంది. మూడో దాంట్లో కలిపెయ్యండి."

"ఒకసారి మీరు చూస్తే..."

"ఒక్కొక్క కాగితం చదువుతూ కూర్చుంటే ఈ రిపోర్టు వచ్చే జన్మలో వస్తుంది. కలిపెయ్యండి."

ఆమె అంకె కలిపింది. కాగితాలు మాత్రం కలపలేదు. ఎర్ర టేపుతో కట్టి తన సొరుగులో అడుగున పెట్టుకుంది.

రిపోర్టు వచ్చింది. రెండు గోడల దారి నగరంలోకెల్లా మంచి సైకిలు దారి అని తేలింది. కార్పొరేషన్ దగ్గర నాలుగు వందల పసుపుపచ్చ రబ్బరు స్తంభాలున్నాయి. సైకిళ్లకు విడిగా వరస కట్టి, బస్సులు అటు రాకుండా ఆపడానికి తెప్పించినవి. అవి ఒక్క దారికే సరిపోతాయి. ఆ దారి ఏదో స్పీడు సారు రిపోర్టే తేల్చాలి. రెండు గోడల దారికి అక్కర్లేదనీ, అక్కడ ఇప్పటికే బాగా పోతున్నారనీ, వేగం మరీ తక్కువగా ఉన్న పార్కు రోడ్డులో పాతాలనీ ఆయన తేల్చాడు. పార్కు రోడ్డులో జనం చెట్ల నీడన, ఒకరి పక్కన ఒకరు, పాటలు పాడుకుంటూ తొక్కుతారు. అందుకే అక్కడ పన్నెండు. సారు దృష్టిలో అదొక జబ్బు.

పెద్ద ఇంజనీరు సారుకు షీల్డు ఇచ్చాడు. పేపర్లో ఫోటో పడింది. రెండు గోడలకూ లేతాకుపచ్చ రంగు వేయించారు. ఆ రంగు డబ్బా మీది నంబరుతో సహా సారే ఎంపిక చేశాడు. సోమవారం పది గంటలకు "ఆదర్శ సైకిలు దారి" అనే బోర్డు తెర తీయాలనీ, సారు స్వయంగా సైకిలు తొక్కుతూ వచ్చి ఫోటోలకు నిలబడాలనీ, ఆ వెంటనే స్తంభాల లారీ పార్కు రోడ్డుకు కదలాలనీ ఏర్పాటైంది. పేపరు ముక్కకు అద్దం కట్టించి హాల్లో తగిలించిన రోజున సారు భోజనం దగ్గర మీసం మెలేస్తూ, "మూడు వందల పది కాగితాలు. ప్రతి ఒక్కటీ నేనే చదివాను. ఒక్కటి వదిల్తే ఒట్టు," అన్నాడు. ఆ మాట సర్వే మొదలైనప్పుడూ అన్నాడు, మధ్యలోనూ అన్నాడు. అనగా అనగా తనూ నమ్మేశాడు.

ఆ పక్కన కూర్చుని కుడిచేత్తో అవస్థపడుతూ తింటున్న మనిషి ఆయన చెల్లెలు. ఆసుపత్రి ల్యాబులో రక్తం తీసే ఉద్యోగం ఆమెది. ఎడంచేతి వాటం. సూది గుచ్చినట్టే తెలియనివ్వదని పేరు. చంటిపిల్లల తల్లులు ఆమె డ్యూటీ ఎప్పుడో కనుక్కుని మరీ వస్తారు. అన్నయ్య ఇంట్లోనే వెనక గదిలో ఉంటుంది. రోజూ ఏడింటికల్లా ల్యాబులో ఉండాలి కాబట్టి సైకిలు మీద వెళ్తుంది. ఆ సైకిలుకు కుడి పక్కన గుండ్రటి అద్దం బిగించింది అన్నయ్యే. వెనక ఏమొస్తోందో చూసుకోవాలమ్మా, అని పోయిన ఏడాది తనే కొనుక్కొచ్చి బిగించాడు. పన్నెండు రోజుల కిందట ఆమె ఎడమ మణికట్టు విరిగింది. ఆసుపత్రి మెట్ల మీద జారానని చెప్పింది. ఇప్పుడు ల్యాబులో ఆమెను కౌంటరు దగ్గర కూర్చోబెట్టి సీసాలకు చీటీలు అంటింపజేస్తున్నారు.

"రోజూ అంత ట్రాఫిక్కులో సైకిలు తొక్కే దానివి, మెట్లు దిగడం చేతకాకపోయెనా! ఫోను చూసుకుంటూ దిగి ఉంటావు," అన్నాడు సారు.

"అంతే అన్నయ్యా," అని చెల్లెలు నవ్వింది.

ఆయన భార్య మంచినీళ్ల నెపంతో లేచి లోపలికి వెళ్లింది. వెళ్లిన మనిషి నీళ్లు తేలేదు. ఆ సంగతి కూడా సారు గమనించలేదు.

శనివారం పొద్దున ఆయనకు ఒక ఆలోచన వచ్చింది. సోమవారం ఫోటోల ముందు సైకిలు తొక్కాలి కదా, చెల్లెలి సైకిలు తీసి ఒకసారి వీధిలో తిప్పి చూద్దామనుకున్నాడు. తొక్కి ఇరవై ఏళ్లు దాటింది. అందరి ముందు బోర్లాపడితే పరువేం కాను? మెట్ల కింద గోనెపట్టా కప్పి ఉన్న సైకిలును బయటికి లాగాడు. హ్యాండిల్ ఒక పక్కకు ఒరిగి ఉంది. ఎడమ బ్రేకు సగానికి విరిగింది. ఎడమ పిడి రబ్బరు చీరుకుపోయి, ఆ చీలికలో పెచ్చులు పెచ్చులుగా లేతాకుపచ్చ రంగు ఇరుక్కుని ఉంది.

ఆ రంగు ఊళ్లో ఇంకెక్కడా లేదు. డబ్బా నంబరు ఆయనకు కంఠతా వచ్చు.

సైకిలు గోడకు ఆనించి వంటగదిలోకి వెళ్లాడు. భార్య ఆయన చేతికంటిన రంగు పెచ్చులు చూసి స్టవ్ కట్టేసింది.

"మెట్లు కాదు కదూ?" అన్నాడు.

"కాదు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీ చెల్లెలే చెప్పొద్దంది. గోడలకు రంగు వేశారు, బోర్డు పెడుతున్నారు, ఇప్పుడు ఆయన చెల్లెలే అక్కడ పడిందంటే నలుగురిలో అన్నయ్య ముఖం ఎక్కడ పెట్టుకుంటాడు వదినా, అంది. కట్టు కట్టించుకుని వస్తూ దారిలోనే మెట్ల కథ అల్లింది. నాకు అప్పజెప్పి రెండుసార్లు చెప్పించుకుంది కూడా."

"ఎలా పడింది?"

"వెనక బస్సట. ముందు వెళ్తున్నాయన సైకిలు చైను ఊడిందట. ఆగితే వెనకది ఆగదని గోడకేసి తిప్పిందట. నాకు తెలిసింది అంతే. మిగతాది మీకే తెలియాలి, అన్ని కాగితాలు చదివారు కదా."

ఆ చివరి మాటలో ఎత్తిపొడుపు లేదు. ఆమె నిజంగానే నమ్మి అంది. అందుకే సారుకు తల కొట్టేసినట్టయింది. ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు, అందులో ఒకరు చెయ్యి విరగ్గొట్టుకుని, ఇన్నాళ్లుగా తన గొప్ప చెక్కుచెదరకుండా కాపలా కాస్తున్నారు. ఆయన చెయ్యి కడుక్కున్నాడు. రంగు ఒక పట్టాన పోలేదు.

శనివారం ఆఫీసు ఒంటిపూటే. టైపిస్టమ్మ మిషను మీద గుడ్డ కప్పుతోంది. సారు వెళ్లి ఆమె బల్ల ముందు నిలబడ్డాడు.

"ఆ కాగితాలు... పారేశారా అమ్మా?"

ఆమె సొరుగు లాగి కట్ట తీసి చేతిలో పెట్టింది. ఇన్నాళ్లకైనా అడిగావా అన్నట్టు ఒక్క చూపు చూసి, తన సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

సారు కూర్చుని టేపు విప్పాడు.

"వెనక బస్సు ఉంటుంది."

"బస్సు."

"ఆగడానికి చోటు లేదు. గోడ పక్కన కాల్వ మూతలు కుంగిపోయాయి, చక్రం ఇరుక్కుంటుంది. మధ్యలోనే పోవాలి. మధ్యలో పోతే వెనకాల హారను."

"ఎదురుగా బస్సు, వెనక బస్సు. దాటడానికి వాళ్లకు సందు లేదు. కాబట్టి మా నెత్తిన ఎక్కుతారు."

"భయం."

"నాకు అరవై రెండేళ్లు. నాకేం సరదానా?"

"సార్ ఒకసారి తొక్కండి."

రెండు వందల ఆరింటిలో నూట తొంభై దాకా ఇదే మాట. ఒకరితో ఒకరు చెప్పుకుని రాసినట్టుంది. కానీ అక్షరాలన్నీ వేరు. నూనె మరకలు, సిమెంటు వేళ్లు, పెన్సిలు, ఎర్ర సిరా. చదువుతూ పోతే ఒక చోట ఆయన చెయ్యి ఆగిపోయింది. వెనక్కి వాలిన అక్షరాలు. రాస్తున్న చెయ్యే సిరాను తుడుచుకుంటూ పోయినట్టు ప్రతి వరసా అలుక్కుపోయి ఉంది. ఎడంచేతి రాత. చిన్నప్పుడు ఆ రాతను సరిచేయాలని తనే స్కేలుతో ఆ వేళ్ల మీద కొట్టాడు.

"సార్, మీరు ప్రతి కాగితం చదువుతారని నాకు తెలుసు, అందుకే రాస్తున్నాను. మేం ఇక్కడ వేగంగా పోము. వెనకవాళ్లు తరుముతారు. నా చేతులు వణికిపోతాయి. పంపు దగ్గర ఆగి, వణుకు తగ్గాక వెళ్లి రక్తం తీస్తాను. ఇంట్లో చెప్తే మీరు కంగారుపడతారని ఇందులో రాస్తున్నాను. స్తంభాలు ఇక్కడ పెట్టించండి."

సంతకం లేదు. సంతకం అవసరమని ఆమె అనుకోలేదు.

సారు ఆ గదిలో ఒంటరిగా కూర్చుని రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. చూసేవాళ్లెవరూ లేరు. అయినా కప్పుకున్నాడు. తప్పు చేశానన్న బాధ కన్నా, తనను ఇంతగా నమ్మిన మనిషి ఎదురుగా కూర్చుని, అబద్ధం చెప్తున్న తనను చూసి నవ్విందే, ఆ నవ్వు ఎక్కువ కోసింది. కాగితం చదివి కూడా అన్నయ్య స్తంభాలు వేరే చోటికి పంపాడని ఆమె అనుకుని ఉంటుంది. అనుకుని కూడా ఊరుకుంది.

ఆదివారం సైకిలును బాగుచేయించడానికి తీసుకెళ్లాడు. షాపతను సైకిలు చూసీ చూడగానే, "గోడల దారా?" అన్నాడు. "ఈ నెల్లో నాలుగోది. ఎడమ బ్రేకులు డజను తెప్పించి పెట్టుకున్నాను." సారు తల అడ్డంగానూ నిలువుగానూ కాకుండా ఎటో ఊపాడు.

సోమవారం ఏడు కాకముందే డిపో చివర దారిలోకి దిగాడు. ఎవరూ చూడకుండా తొక్కి తెలుసుకుందామని. మొదటి నిమిషం బాగానే ఉంది. రంగు కూడా బాగుంది. తర్వాత కుడి పక్క అద్దం చీకటైపోయింది. ఏమిటా అని చూస్తే అద్దం నిండా బస్సు మొహమే ఉంది. హారన్ మోగింది. అది చెవులకు కాదు, వెన్నుపూసకు వినపడింది. ఎడమకు జరుగుదామంటే కాల్వ మూత, కుడికి జరుగుదామంటే ఎదురు బస్సు. కాలు కింద పెడదామంటే పెట్టే చోటేదీ? సారు తొక్కాడు. నలభై తొమ్మిదేళ్ల బొజ్జ మోకాళ్లకు తగులుతుండగా, కళ్లజోడు జారిపోతుండగా, నోరు తెరుచుకుని, దిక్కులేని వాడిలా తొక్కాడు. ఇంకా తీయని రబ్బరు గొట్టాల మీంచి పోయినప్పుడు టకటకా చప్పుడైంది. ఇనప పెట్టె ఆయన భయాన్ని కూడా వేగం కింద రాసుకుంది.

చేతిపంపు దగ్గర దిగలేదు, దాదాపు పడ్డాడు. అక్కడ అప్పటికే పదిమంది ఉన్నారు. హ్యాండిళ్ల మీదకు వాలి, ఆయాసపడుతూ. ఎవరూ కబుర్లు చెప్పుకోవడం లేదు. మాట్లాడటానికి ఊపిరుంటే కదా! సిమెంటు చేతుల మేస్త్రీ ఒకతను పంపు కొట్టి, "తాగండి. కొత్తా? మొదట్లో అందరికీ ఇంతే," అన్నాడు.

సారు దోసిలి పట్టి తాగాడు.

ఆసుపత్రి ఆయా ఒకామె తెర కప్పిన బోర్డు చూపించి, "ఈ దారికి ప్రైజిచ్చారట, విన్నారా? మనం సరదాపడి తొక్కుతున్నామని ఎవడో మహానుభావుడు రాశాడట," అంది.

"వాడి మొహం! వాణ్ని తీసుకొచ్చి ఒక్కసారి కూర్చోబెట్టాలి సీటు మీద," అన్నాడు మేస్త్రీ.

అందరూ నవ్వారు. సారు కూడా నవ్వాడు. నేనే ఆ మహానుభావుణ్ని అని చెప్పడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు, ఆయనకూ తెలుసు. గొంతు దాకా వచ్చింది కూడా. కానీ వాళ్లతో కలిసి తనూ, "అవునవును, వాడి మొహం," అన్నాడు. అని, వాళ్లు వెళ్లిపోయాక పంపు గట్టు మీద కూలబడ్డాడు. జన్మలో ఎన్నో సిగ్గుమాలిన పనులు చేసి ఉంటాడు గాని, దీని ముందు అవన్నీ దిగదుడుపే అనిపించింది.

పదింటికి హడావుడి మొదలైంది. పెద్ద ఇంజనీరు వచ్చాడు, పేపర్లవాళ్లు నలుగురు వచ్చారు. పసుపుపచ్చ స్తంభాల లారీ ఫోటోలో పడేలా పక్కన నిలిపారు. ఫోటోలు ప్రశాంతంగా తీయాలి కాబట్టి అరగంట సేపు బస్సులు ఆపేశారు. దారి ఎంత నిశ్శబ్దంగా, ఎంత అందంగా ఉందో! ఎవరు చూసినా బహుమతి ఇచ్చేస్తారు.

"ఏమయ్యా స్పీడూ, అటు చివర్నుంచి తొక్కుకుంటూ రా. నవ్వుతూ రావాలి," అన్నాడు పెద్ద ఇంజనీరు.

సారు కదల్లేదు. చేతిసంచీలోంచి కాగితాల కట్ట తీశాడు. "సార్, ఆ లారీ పార్కు రోడ్డుకు పోకూడదు. స్తంభాలు ఇక్కడే పాతాలి. రిపోర్టు తప్పు."

పెద్ద ఇంజనీరు నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని, ఆయన మోచెయ్యి పట్టుకుని గోడ వారకు తీసుకెళ్లాడు. సారు రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. పెద్ద ఇంజనీరు మూర్ఖుడేం కాదు, పై నాలుగు కాగితాలు తిరగేసి ముఖం మాడ్చుకున్నాడు.

"సరే. అయిందేదో అయింది. ఇలా చెప్దాం. రిపోర్టు రాసినప్పుడు బస్సులు తక్కువ, ఆ తర్వాత పెరిగాయి. అందుకని నిర్ణయం మార్చుకున్నాం. నీ పరువూ నిలుస్తుంది, నా పరువూ నిలుస్తుంది, స్తంభాలూ ఇక్కడే పడతాయి. ఇంకేం కావాలి?"

నిజమే, ఇంకేం కావాలి? స్తంభాలు ఎలాగూ ఇక్కడికే వస్తాయి. షీల్డు బీరువాలో ఉంటుంది, పేపరు ముక్క హాల్లో ఉంటుంది. చెల్లెలు కూడా అదే కోరుకుంది. సారుకు ఆ అబద్ధం మీద ఎంత ఆశ పుట్టిందో చెప్పలేం. సరేనండీ అనడానికి నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లో ఇంకా చేతిపంపు నీళ్ల ఇనప రుచి తగిలింది.

"బస్సులు పెరగలేదు సార్," అన్నాడు. మెల్లగా అందామనుకున్నాడు గాని గొంతు అదుపు తప్పి పెద్దగా వచ్చింది. పేపర్లవాళ్లు ఇటు తిరిగారు. "అప్పుడూ అన్నే ఉన్నాయి. రెండు వందల ఆరుగురు రాసిచ్చారు. నేను చదవలేదు. చదవకుండా చదివానని చెప్పాను."

ఆ తర్వాత జరిగింది వేగంగానే జరిగింది. మర్నాడు పేపర్లో ఆయన ఫోటో మళ్లీ పడింది, ఈసారి షీల్డు లేకుండా. ఆఫీసులో స్పీడు సారు అనే పిలుపు పోయి "ఇతర కారణాలు" అనే పిలుపు వచ్చింది. ఆయన్ని రోడ్ల విభాగం నుంచి తీసేసి పాత మ్యాపులు భద్రపరిచే గదిలో వేశారు. స్తంభాలు మాత్రం రెండు గోడల దారిలోనే పాతారు, డిపో బస్సుల్ని వెనక గేటు వైపు మళ్లించారు. రెండు నెలల తర్వాత ఆయన కుర్చీలోకి వచ్చిన కొత్త ఉద్యోగి మళ్లీ కొలిపిస్తే ఆ దారిలో సైకిళ్ల వేగం పదమూడు అని వచ్చింది. "వేగం బాగా పడిపోయింది. కారణం విచారించవలెను," అని అతను ఫైల్లో రాశాడు. ఆ ఫైలు మ్యాపుల గదికి వచ్చినప్పుడు సారు దాన్ని చాలాసేపు చూసి, టైపిస్టమ్మకు చూపించాడు. ఆమె కళ్లల్లో నీళ్లొచ్చేలా నవ్వింది. ఆయనకు నవ్వు రాలేదు.

కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ సోమవారం సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి, హాల్లో అద్దం కట్టిన పేపరు ముక్క దింపి, వెనక గదిలోకి వెళ్లాడు. చెల్లెలు కట్టు మీంచి బయటికి కనపడే వేళ్లను ముడుస్తూ, చాపుతూ కూర్చుని ఉంది. అలా చేస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. సారు మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. కాగితం జేబులో ఉంది. బయటికి తీసే ధైర్యం లేక మాటలతోనే చెప్పాడు, చదవలేదని, ఇవాళే అందరి ముందూ ఒప్పుకున్నానని.

"అందరి ముందా? ఎందుకన్నయ్యా..." అని ఆమె నొచ్చుకుంది. మళ్లీ తనే, "చదవలేదా? నయం. చదివి కూడా నమ్మలేదనుకున్నాను," అంది.

సారు స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. ఇంకొకటి మిగిలి ఉంది. అది ఎవరికీ తెలియదు, ఏ కాగితంలోనూ లేదు. చెప్పకపోయినా నడుస్తుంది.

"నేనూ ఒక రోజు జీపులో వచ్చానమ్మా ఆ దారిలో," అన్నాడు. "ముందు సైకిళ్లున్నాయి. డ్రైవరు నెమ్మదిగానే పోనిచ్చాడు. హారన్ కొట్టమన్నది నేనే. రెండుసార్లు."

చెల్లెలు వేళ్లు ముడవడం ఆపింది.

"తెలుసన్నయ్యా," అంది. "ఆ సైకిళ్లలో నేనూ ఉన్నాను. చెయ్యి ఊపుదామనుకున్నాను గాని, హ్యాండిల్ వదిలితే పడిపోతానేమోనని ఊపలేదు."

"నన్ను చూశావా? వెనక్కి తిరిగే వీలు కూడా లేదు కదా అక్కడ?"

"తిరగడం ఎందుకు? అద్దముంది కదా, నువ్వు బిగించిందే," అంది చెల్లెలు.